పాత ఫైబర్ పడవ: ముందు పైపూత చూడాలా, వెనుక పలక చూడాలా?

యనమలకుదురు కరకట్ట | జనవరి 19

సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతికి వారం ముందు ఒక పాత సామాన్ల కొట్టులో పద్నాలుగు అడుగుల ఫైబర్ పడవ కనిపిస్తే, ఇంట్లో ఎవరినీ అడగకుండానే కొనేశాను. ప్రస్తుతం అది మా పెరట్లో నాలుగు సిమెంటు దిమ్మల మీద, కింద పాత టైర్లు వేసి, బోర్లించి ఉంది. ప్రకాశం బ్యారేజీకి ఎగువన ఏళ్ల తరబడి నీళ్లలోనే కట్టి ఉంచిన పడవ అని అమ్మినవారు చెప్పారు.

అడుగు భాగం నిండా పెసరగింజంత నుంచి రూపాయి బిళ్లంత వరకు బొబ్బలు లేచి ఉన్నాయి. లోపలి నేల మీద కాలు మోపితే ఒకచోట కొద్దిగా దిగుతోంది. వెనుక, మోటారు బిగించే పలకకు ఉన్న బోల్టు రంధ్రాల నుంచి టీ డికాక్షన్ రంగులో నీరు ఊరుతోంది. బొబ్బలు గీకేసి, లప్పం పెట్టి, మంచి రంగు వేసి, కార్తీక మాసం నాటికి నీళ్లలో దించాలన్నది నా ఆలోచన. ఈ క్రమం సరైనదేనా, ఇంకేమైనా చూడాలా అన్నది అనుభవజ్ఞులు చెప్పగలరు.

ఆటోనగర్ లప్పం | జనవరి 19

నమస్కారం అండీ. నేను ఇరవై రెండేళ్లుగా కార్లకు, బస్సులకు రంగు పని చేస్తున్నాను. బస్సుల ముందు భాగాలు ఫైబర్‌వే కాబట్టి ఈ పదార్థం నాకు కొత్త కాదు. 80 నంబరు ఎమెరీ పేపరుతో మొత్తం గీకి, బొబ్బలున్న చోట్ల కార్ల లప్పం పట్టించి, ప్రైమరు కొట్టి, పైన టూ ప్యాక్ పీయూ పెయింటు, అంటే రెండు డబ్బాలవి కలిపి వాడే పాలీయురెథేన్ రంగు, వేస్తే అద్దంలా వస్తుంది. ఎండాకాలంలో నాలుగు రోజుల పని.

నిజాంపట్నం తీరం | జనవరి 20

కరకట్ట గారు, దయచేసి ఇంకా గ్రైండరు పట్టుకోవద్దు. మా ఇంట్లో మూడు తరాలుగా వేట, అందులో నా తరం మొత్తం ఫైబర్ పడవల మీదే గడిచింది. 2004 సునామీ తర్వాత మా తీరంలో చెక్క పడవల స్థానంలో ఫైబర్ పడవలు ఎంతగా పెరిగాయో మీరు వినే ఉంటారు. అప్పటి నుంచి వాటికి మరమ్మతులు చేస్తూనే ఉన్నాను. పడవను చూసి కొనేవాడు పైపూత చూస్తాడు, దాని మీద సముద్రంలోకి వెళ్లేవాడు వెనుక పలకను చూస్తాడు. మీరు చెప్పిన మూడు లక్షణాల్లో బొబ్బలు అన్నిటికంటే చిన్నవి, బోల్టు రంధ్రాల నుంచి వచ్చే ఆ రంగు నీరు అన్నిటికంటే పెద్దది. గాజునూలు పొరలతో చేసింది కాబట్టి ఫైబర్ పడవ అంటాం కానీ, వెనుక పలక లోపల ప్లైవుడ్, నేల కింద చెక్క దూలాలు, కొన్నిటిలో ఆ దూలాల మధ్య నురుగు (ఫోమ్) దిమ్మలు ఉంటాయి. గాజు పొరకు కుళ్లు పట్టదు, లోపలి చెక్కకు పడుతుంది. ఆ రంగు నీరు కుళ్లిన చెక్క నుంచి వచ్చే కషాయమే.

ఒక చిన్న సుత్తిని గానీ, పది రూపాయల బిళ్లను గానీ తీసుకొని పడవ మొత్తాన్ని జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా ఉన్నచోట కణకణమని శబ్దం వస్తుంది, పొరలు విడిపోయిన చోట డొల్లగా, చెక్క నానిన చోట చప్పగా మోగుతుంది. తేడా ఉన్న ప్రతిచోటా సుద్దముక్కతో గీత గీయండి. రంధ్రంలో స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే తడి పొట్టు వస్తే ఇక సందేహం అక్కర్లేదు.

ఇంకొక మాట, లప్పం గారు ఏమీ అనుకోకూడదు. కార్ల లప్పంలో సుద్దపొడి వంటి పిండి ఎక్కువగా ఉంటుంది, అది నీటిని పీల్చుకుంటుంది. రోడ్డు మీద తిరిగే బండికి అది సరిపోతుంది గానీ, నీటిలో మునిగి ఉండే భాగానికి అసలు పనికిరాదు.

ఆటోనగర్ లప్పం | జనవరి 20

అనుకోవడానికి ఏముందండీ, నీటి కింది సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటాను. నీటి గీతకు పైనున్న భాగానికి మాత్రం నా మాట నిలబడుతుంది.

యనమలకుదురు కరకట్ట | ఫిబ్రవరి 2

తట్టాను. సుద్దగీతలు చూస్తే పటంలో ద్వీపాల్లా ఉన్నాయి. వెనుక పలక దాదాపు మొత్తం చప్పగా మోగింది. స్క్రూడ్రైవరుకు నల్లని పొట్టు, దానితో పాటు వానపాము ఒకటి వచ్చాయి.

ట్రాలీ ఆటోలో వేసుకొని ఆటోనగరులో కాటా కూడా వేయించాను. ఆటో బరువు తీసేస్తే పడవ 240 కిలోలు తూగింది. ఈ కొలత పడవ ఎంత ఉండాలో చెప్పగలరా?

నిజాంపట్నం తీరం | ఫిబ్రవరి 2

మీరు చెప్పిన పొడవుకు, పైకప్పు లేని మామూలు పడవకు, 140 నుంచి 150 కిలోలు ఉంటే నేను ఆశ్చర్యపోను. మిగిలిందంతా నీరే అనుకోండి. నేల కోసి చూడండి, కింద నురుగు దిమ్మలుంటే అవి స్పంజిలా నీళ్లు తాగి ఉంటాయి, వాటిని ఎండబెట్టి తిరిగి వాడదామన్న ఆశ పెట్టుకోవద్దు. మా వైపు పడవలకు మాత్రం ఇన్ని బొబ్బలు ఎప్పుడూ చూడలేదు. సముద్రపు ఉప్పునీరు ఇంకా చెడ్డది కదా, మంచినీటిలో ఉన్న పడవకు ఇవెందుకు వచ్చాయో నాకూ అర్థం కాలేదు.

గుంటూరు ప్రయోగశాల | ఫిబ్రవరి 3

రసాయనశాస్త్రం చెప్పే ఉద్యోగం కాబట్టి ఈ ప్రశ్న నాకు వదిలేయండి. జెల్‌కోట్ అనే పైపూత పూర్తిగా నీరు చొరనిది కాదు. నీటి అణువులు ఏళ్ల తరబడి మెల్లగా దానిగుండా లోపలికి వెళ్లి, తయారీలో సరిగా గట్టిపడకుండా మిగిలిపోయిన పదార్థాలను కరిగించుకొని చిక్కని ద్రావణంగా మారతాయి. బయట పలుచని నీరు, లోపల చిక్కని ద్రావణం, మధ్య ఒక పలుచని పొర ఉన్నప్పుడు నీరు లోపలికే లాగబడుతుంది. ఉప్పు నీటిలో వేసిన ఎండు ద్రాక్ష కంటే మంచినీటిలో వేసిన ద్రాక్ష ఎక్కువగా ఉబ్బడానికి కారణమేదో దీనికీ అదే కారణం. సముద్రంలో బయటి నీరే ఉప్పగా ఉండడం వల్ల ఆ తేడా తక్కువ. అదీగాక నిజాంపట్నం పడవలను ఒడ్డుకు లాగుతారు, అవి ఆరుతాయి. బ్యారేజీ ఎగువన కాలువలకు నీరివ్వడం కోసం నీటిమట్టం నిలిపి ఉంచుతారు గనుక అక్కడ కట్టిన పడవ ఏళ్ల తరబడి ఆరకుండా నిలవనీటిలోనే ఉంటుంది.

ఒక బొబ్బను కళ్లద్దాలు పెట్టుకొని సూదితో గుచ్చండి. లోపలి ద్రవం ఒత్తిడితో చిమ్ముతుంది, పులిసిన వెనిగరు వంటి వాసన వస్తే ఇదే జబ్బు. చికిత్సలో ముఖ్యమైనది గీకడం కాదు, కడగడం. బొబ్బలన్నీ తెరిచిన తర్వాత వారానికి రెండు మూడుసార్లు మంచినీటితో ఒత్తిడిగా కడిగి, ఆరనిచ్చి, మళ్లీ కడగాలి, లోపలి ఆ జిగురు ద్రవం పోకపోతే ఎంత ఖరీదైన పూత వేసినా అది మళ్లీ నీటిని లాగుతుంది. ఆరిందో లేదో తెలుసుకోవడానికి మూరెడు చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో అతికించి ఒక పగలంతా ఎండలో ఉంచండి. సాయంత్రానికి దాని లోపలి వైపు చెమ్మ పట్టితే ఇంకా ఆరలేదని అర్థం. నెలలు పట్టవచ్చు. మన ఎండలకు ఇదొక్కటే ఉపయోగం.

బందరు కాలువ | ఫిబ్రవరి 3

గీకేటప్పుడు వచ్చే గాజుపొడి గురించి ఎవరూ చెప్పలేదు. బట్ట కట్టుకుంటే చాలదు, సన్నని దుమ్మును ఆపే ఫిల్టరున్న మాస్కు, కళ్లకు బిగుతుగా ఉండే అద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. నీళ్లు చల్లుతూ చేత్తో గీకితే దుమ్ము పక్కింటి పచ్చళ్ల మీదకు పోదు. పని అయ్యాక ముందు చన్నీళ్లతోనే స్నానం చేయండి, వేడినీళ్లు పోసుకుంటే చర్మరంధ్రాలు తెరుచుకొని దురద ఎక్కువవుతుందని పాత పనివాళ్లు చెబుతారు. ఊడదీసిన నురుగును, ఫైబర్ ముక్కలను ఎట్టి పరిస్థితుల్లోనూ కాల్చవద్దు, పొగ విషం.

యనమలకుదురు కరకట్ట | మార్చి 9

నేల కోశాను. దూలాల మధ్య నురుగు నిజంగానే స్పంజిలా ఉంది, ఒక ముక్కను పిండితే చెంబుడు నీళ్లు వచ్చాయి. నాలుగు దూలాల్లో రెండు చేత్తో తీస్తే వచ్చేశాయి. వెనుక పలకను నిజాంపట్నం తీరం గారు విడిగా రాసి చెప్పిన విధంగా లోపలి వైపు నుంచే కోశాను, బయటి గాజు పొరను ముట్టుకోలేదు. పడవ ఆకారం చెడకుండా ఉండాలంటే ఒక వైపు పొర అలాగే ఉండాలన్న మాట ఎంత నిజమో కుళ్లిన చెక్క మొత్తం తీసేశాక తెలిసింది, వేలితో నొక్కితే వెనుక భాగమంతా గుడారం గుడ్డలా ఊగుతోంది.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. ఏ ప్లైవుడ్ వాడాలి? గాజునూలును తడిపి గట్టిపడే ద్రవం, అదే రెజిన్, పోలియెస్టరా, ఎపాక్సీయా?

తెనాలి వడ్రంగి | మార్చి 9

మొదటిది నేను చెబుతాను. కొట్టులో మెరైన్ ప్లై అని అడిగితే వంటింటి అలమరలకు వాడే ఏదో ఒకటి ఇస్తారు. పలక మీద ఐఎస్ 710 అన్న ముద్ర ఉందో లేదో చూసుకోండి, ఐఎస్ 303 అని ఉంటే అది మామూలు రకం. ముద్రను కూడా పూర్తిగా నమ్మను. అరచేతంత ముక్కను కోసి, గిన్నెలో ఉదయం నుంచి సాయంత్రం వరకు మరిగించి, ఆరబెట్టి, పొరల మధ్య ఉలి పెట్టి చూస్తాను. మంచి ప్లైవుడ్ అయితే జిగురు దగ్గర కాకుండా చెక్క దగ్గర చీలుతుంది. అంచు పక్కనుంచి చూస్తే మధ్య పొరల్లో ఖాళీలు కనిపించకూడదు, ఆ ఖాళీల్లోనే రేపు నీళ్లు నిలుస్తాయి.

చిన్న మోటారుకు పలక మందం ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. ఒకే మందపాటి పలక దొరికినా కొనకండి, 12 మిల్లీమీటర్లవి మూడు అతికించండి, వెనుక భాగానికి ఉన్న కొద్దిపాటి వంపుకు అవి ఒదుగుతాయి. అతికించే ముందు ప్రతి ముక్క అంచులకూ పలుచని ఎపాక్సీ తాగించాలి, చెక్క తాగేది అంచుల నుంచే.

నిజాంపట్నం తీరం | మార్చి 10

రెజిన్ విషయంలో నాది పాత మాట. మా పడవలన్నీ పోలియెస్టరుతో కట్టినవే, దానితోనే బాగు చేస్తాం, అవి రోజూ అలల మీద పడి లేస్తున్నాయి. ధరలో ఎపాక్సీకి, దానికి పోలిక లేదు. పగులు దగ్గర చాలామంది చేసే తప్పు రెజిన్ వల్ల కాదు, ఏటవాలు తక్కువగా ఇవ్వడం వల్ల. పొర మందం ఎంత ఉంటే దానికి పన్నెండు రెట్ల వెడల్పున వాలుగా గీకాలి, అయిదు మిల్లీమీటర్ల పొర అయితే చుట్టూ ఆరు సెంటీమీటర్లు. అప్పుడే కొత్త గాజు పాతదాన్ని పట్టుకుంటుంది.

గుంటూరు ప్రయోగశాల | మార్చి 10

తీరం గారి మాటను కాదనను, కానీ ఒక తేడా ఉంది. కొత్తగా కట్టేటప్పుడు పోలియెస్టరు పొరలు పచ్చిగా ఉండగానే ఒకదానిమీద ఒకటి పడతాయి గనుక రసాయనికంగా కలిసిపోతాయి. పాత పడవలో గట్టిపడిన పొర మీద కొత్త పోలియెస్టరు వేస్తే అది గరుకుదనాన్ని పట్టుకొని మాత్రమే నిలుస్తుంది. ఎపాక్సీ అతుకు బలం అక్కడ ఎక్కువ, చెక్కకు మరీ ఎక్కువ, పైగా నీటిని తక్కువగా పోనిస్తుంది. అందువల్ల వెనుక పలకకూ, బొబ్బల అడుగుకూ ఎపాక్సీ, లోపలి దూలాలకూ నేలకూ పోలియెస్టరు అంటాను, ఖర్చు కూడా తగ్గుతుంది. క్రమం మాత్రం తప్పకూడదు. పోలియెస్టరు పని మొత్తం ముందు ముగించండి. పోలియెస్టరు మీద ఎపాక్సీ పడుతుంది గానీ, ఎపాక్సీ మీద పోలియెస్టరు, జెల్‌కోట్ సరిగా పట్టవు.

ఎపాక్సీతో నేసిన గాజుగుడ్డనే వాడండి. కత్తిరించిన గాజునూలు ముక్కలను అతికించి చేసిన మ్యాట్‌ను పట్టి ఉంచే జిగురు పోలియెస్టరులోని స్టైరీన్ అనే ద్రావకంలో కరుగుతుంది, ఎపాక్సీలో కరగదు, మ్యాట్ తెల్లగా మొండికేసి కూర్చుంటుంది. రెజిన్‌ను గట్టిపరచడానికి కలిపే హార్డనరు విషయంలోనూ రెండింటి స్వభావం వేరు. పోలియెస్టరుకు ఒకటి నుంచి రెండు శాతం మధ్య ఎండను బట్టి మార్చుకోవచ్చు, ఎపాక్సీకి డబ్బా మీద రాసిన నిష్పత్తిని గ్రాము కూడా మార్చకూడదు.

చివరగా ప్రాణానికి సంబంధించిన మాట. కొట్టువాడు పోలియెస్టరుతో పాటు హార్డనరును, గట్టిపడడాన్ని వేగిరం చేసే ఊదారంగు కోబాల్టు ద్రావణాన్ని వేర్వేరు సీసాల్లో ఇస్తే, ఆ రెండింటినీ ఎప్పుడూ నేరుగా కలపకూడదు, పేలుతుంది. కోబాల్టును ముందుగా రెజిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తర్వాతే హార్డనరు వేయాలి. రెజిన్‌లో కోబాల్టు ముందే కలిపి ఉందేమో అడిగి తెలుసుకోండి. హార్డనరు చుక్క కంటిలో పడితే చూపు పోతుంది, అద్దాలు లేకుండా మూత తీయవద్దు.

యనమలకుదురు కరకట్ట | ఏప్రిల్ 13

సిగ్గుపడుతూ రాస్తున్నాను. నిన్న పదిన్నర గంటలకు దూలాల మీద మ్యాట్ వేద్దామని బకెట్టులో రెండు కిలోల రెజిన్ పోసి, రెండు శాతం హార్డనరు కలిపాను. మొదటి ముక్క తడుపుతుండగానే బకెట్టు అడుగున రెజిన్ జున్నులా గడ్డకట్టింది, మరుక్షణం బకెట్టు పట్టుకోలేనంత వేడెక్కి పొగలు రావడం మొదలైంది. మా ఆవిడ ఇసుక బస్తా విప్పి మీద పోయకపోయి ఉంటే పక్కనున్న టార్పాలిన్ అంటుకునేది. బకెట్టు ఒక వైపుకు కుంగిపోయింది. ఆ రెజిన్ డబ్బులు ఇప్పటికీ తలుచుకుంటున్నాను.

గుంటూరు ప్రయోగశాల | ఏప్రిల్ 13

మీ ఇద్దరికీ ఏమీ కానందుకు సంతోషం. గట్టిపడే చర్య వేడిని పుట్టిస్తుంది, ఆ వేడి చర్యను ఇంకా వేగిరం చేస్తుంది. పది డిగ్రీలు పెరిగితే గట్టిపడే సమయం దాదాపు సగమవుతుందని లెక్క వేసుకోండి. లోతైన బకెట్టులో ఆ వేడికి బయటపడే దారి ఉండదు. ఒకసారికి 250 గ్రాములకు మించి కలపవద్దు, కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలోకి వంపేయండి. ఒక శాతానికి రెండున్నర గ్రాములు, దానిని సూది లేని సిరంజితో కొలవండి. భయపడి ఒక శాతం కంటే తగ్గించకండి, ఎన్నటికీ పూర్తిగా గట్టిపడదు. తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలుపెట్టి ఏడున్నరకు ముగించండి. వాడిన గుడ్డపీలికలను కుప్పగా పడేయకుండా విడివిడిగా ఆరబెట్టండి, అవీ అంటుకోగలవు.

నిజాంపట్నం తీరం | ఏప్రిల్ 14

మా దగ్గర కూడా రోహిణీ కార్తెలో పగటిపూట రెజిన్ డబ్బా మూత తీయరు. రెజిన్ ఎంత కావాలో ముందే లెక్క కట్టుకుంటే మీకు ఆ రెండు కిలోల ఆలోచనే రాదు. చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ అయితే దాని బరువుకు రెండున్నర రెట్లు, అంటే మీటరుకు కిలో పైచిలుకు. ఒక పొర ఆరితే మందం సుమారు ఒక మిల్లీమీటరు వస్తుంది. రెజిన్ ఎక్కువ పోస్తే బలం అనుకోవడం పొరపాటు, అది పెళుసవుతుంది. గాడి రోలరుతో గాలి బుడగలు బయటకు తోసి, మిగిలిన రెజిన్‌ను పక్క ముక్కకు నెట్టండి.

యనమలకుదురు కరకట్ట | జూన్ 22

ఆ తర్వాత ఒక్క పూట కూడా సూర్యోదయం తప్పలేదు. మే మొదటి వారానికి దూలాలు, నేల పూర్తయ్యాయి. నురుగు తిరిగి నింపలేదు, దాని బదులు ముందు, వెనుక మూతలున్న గాలి పెట్టెలు కట్టి, ప్రతి దానికీ చిన్న తనిఖీ మూత పెట్టాను. అడుగును ఫిబ్రవరి నుంచి పద్నాలుగు వారాలు కడిగి ఆరబెట్టాను, ప్లాస్టిక్ కాగితం కింద చెమ్మ లేకుండా పోయింది మే 18న.

వెనుక పలకకు తెనాలి వడ్రంగి గారి లెక్క ప్రకారం మూడు పలకలు, మూలల్లో కోణం లేకుండా చెక్కపొడి కలిపిన చిక్కటి ఎపాక్సీతో గుండ్రంగా పూడ్చి, పైన నాలుగు పొరల గాజుగుడ్డ. మోటారు బోల్టుల కోసం ముందు పెద్ద రంధ్రాలు చేసి, వాటిని ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో సరైన కొలతకు మళ్లీ తొలిచాను, ఇక బోల్టు పక్కన నీరు దిగినా చెక్కను తాకదు. అడుగుకు అయిదు పూతల ఎపాక్సీ. మూడో పూత తెల్లారేసరికి జిడ్డుగా కనిపించి కంగారుపడ్డాను, కానీ గాలిలోని తేమ వల్ల వచ్చే ఆ జిడ్డు నీళ్లతో, పీచుతో రుద్దితే పోయింది. రుద్దకుండా పై పూత వేస్తే ఊడిపోతుందని ప్రయోగశాల గారు ముందే హెచ్చరించారు.

ఆటోనగర్ లప్పం | జూన్ 23

ఇప్పుడు నా వంతు. ఎపాక్సీ ఎండకు పొడిబారుతుంది గనుక రంగు తప్పనిసరి. టూ ప్యాక్ పీయూనే వేయండి, అయితే ఇంట్లో స్ప్రే చేయవద్దు, ఆ పొగమంచు ఊపిరితిత్తులకు చాలా చెడ్డది, మేము బూత్‌లో గాలి గొట్టమున్న మాస్కుతో కొడతాం. మీరు రోలరుతో పలుచగా పూసి, వెంటనే మెత్తని బ్రష్షు కొనతో సర్దండి. అలాగే ఒక సంగతి, ఈ రంగు ఎప్పుడూ నీళ్లలో ఉండే పడవకు కాదు, వాడుకున్నాక ఒడ్డుకు తెచ్చి ఆరబెట్టే పడవకే.

బందరు కాలువ | జూన్ 24

పడవ సిద్ధమవుతోంది కాబట్టి అడుగుతున్నాను, మోటారు బిగించి నదిలో తిప్పే ఆలోచన ఉందా? 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో వచ్చిన అంతర్గత నౌకల చట్టం ప్రకారం యంత్రంతో నడిచే పడవకు తనిఖీ, రిజిస్ట్రేషను ఉండాలి. సొంతానికే కదా అన్న మాట చెల్లదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పర్యాటకుల పడవ బోల్తా పడిన రోజు నేను ఆ ఒడ్డునే ఉన్నాను, అందుకే ఈ విషయంలో కాస్త చాదస్తంగా కనిపించినా పరవాలేదు.

ఇంకొకటి, వరదల నెలలు వస్తున్నాయి. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర ప్రవాహం పదకొండు లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కట్లు తెగిన పడవలు వచ్చి గేట్లను ఢీకొన్నాయి. మీ ఇల్లు కరకట్టకు ఎంత దగ్గరో నాకు తెలియదు గానీ, పెరట్లో ఉన్నా సరే ఆ పడవను ఒక చెట్టుకు గట్టి తాడుతో కట్టి ఉంచండి.

యనమలకుదురు కరకట్ట | జూన్ 24

వేపచెట్టుకు కట్టాను. మోటారు ప్రస్తుతానికి కొనడం లేదు, తెడ్లతోనే మొదలుపెడతాను. కాగితాల పని తెలుసుకున్నాకే నదిలోకి.

యనమలకుదురు కరకట్ట | నవంబరు 9

కార్తీక మాసం మాట నిలబెట్టుకున్నాను, అయితే కృష్ణలో కాదు. కైకలూరు దగ్గర మా మేనమామ గారి చేపల చెరువుకు తీసుకెళ్లాను, లోతు నడుము దాకానే కాబట్టి ఏం జరిగినా నడిచి బయటకు రావచ్చు. వెళ్లే దారిలో ఆటోనగరులో అదే కాటా మీద మళ్లీ తూకం వేయించాను. 150 కిలోలు. జనవరిలో కొన్నదానిలో 90 కిలోల నీరు, కుళ్లు కొన్నానన్నమాట.

ఇద్దరం లైఫ్ జాకెట్లు వేసుకొని రెండు గంటలు తెడ్లు వేశాం. మామయ్య మేత బస్తాలు నాలుగు ఎక్కించి చూస్తాననేసరికి అది కూడా చేశాం, నీటి గీత నాలుగు వేళ్లు దిగింది, వెనుక పలక కదల్లేదు. ఒడ్డుకు లాగాక చూస్తే వెనుక మూలలో లీటరున్నర నీళ్లున్నాయి. తనిఖీ మూతలు తీసి చూస్తే గాలి పెట్టెలు పొడిగానే ఉన్నాయి. వెతగ్గా, నీళ్లు వదిలే రంధ్రం చుట్టూ నేను ఎపాక్సీ తాగించడం మరిచిపోయిన ఇత్తడి బుష్ (రంధ్రంలో బిగించే చిన్న గొట్టం) దగ్గర నుంచి చుక్కచుక్కగా వస్తోంది.

నిజాంపట్నం తీరం | నవంబరు 9

ఆ బుష్‌ను ఇప్పుడే ఊడదీయండి, వచ్చేవారం అనుకోవద్దు. రంధ్రం అంచున చెక్క తడిసి ఉంటుంది. ఒక వందవాట్ల బల్బును జానెడు దూరంలో మూడు రోజులు వేలాడదీసి, ఆరాక బోల్టు రంధ్రాలకు చేసినట్లే నింపి మళ్లీ తొలవండి.

యనమలకుదురు కరకట్ట | నవంబరు 10

ఊడదీశాను. చెక్క అరంగుళం లోతు వరకు తడిగా ఉంది, రంగు మాత్రం మారలేదు. బల్బు వెలుగుతోంది.